గొంతు నాది, గ్రంథి ఎవరిదో

ఫిబ్రవరి 3

బట్టలన్నీ వదులయ్యాయి. కుట్టుపని చేసే ఆవిడ నా నడుము కొలిచి, టేపు మీద నమ్మకం లేక మళ్లీ కొలిచింది. "ఏం చేస్తున్నారండీ, నాక్కూడా చెప్పండి" అంది. ఏమీ చెయ్యడం లేదు. పెట్టింది తింటున్నాను, పెట్టనిది వెతుక్కుని తింటున్నాను. ఈ రోజు పుస్తకాల అలమరా మొత్తం దించి, తుడిచి, మళ్లీ సర్దాను. డెబ్బై రెండో ఏట ఇంత హుషారుగా ఉండేవాళ్లు ఎంతమంది?

చేతులు కొంచెం వణుకుతున్నాయి. కాఫీ ఎక్కువైనట్టుంది.

ఫిబ్రవరి 6

అంధుల గ్రంథాలయంలో ఇరవయ్యో అధ్యాయం చదివాను. మొత్తం నలభై రెండు. సముద్రం ఒడ్డున దీపస్తంభం కాపలా కాసే కుటుంబం కథ. అందులో ముసలామె ఒకర్తి ఉంది, నోరు విప్పితే నిప్పులే. ఆమె మాటలు చదవడానికి నాకు ప్రయత్నం అక్కర్లేదని రికార్డింగ్ అమ్మాయి అంటుంది.

ఈ అమ్మాయికి నాలుగో నెల. మేమిద్దరం కూర్చునే చోటు బీరువా అంత ఉంటుంది. మధ్యలో ఒక గాజు పలక. అటు ఆమె, ఇటు నేను, చప్పుడు పడుతుందని ఫ్యాను ఉండదు. జూన్‌లో ఆమె సెలవు మీద వెళ్తే ఆ యంత్రాలు తెలిసిన మనిషి ఇంకొకరు లేరు, గది మూతే. అందుకని మే నెలాఖరుకి పుస్తకం పూర్తి కావాలి. కాకపోతే మిగిలింది తేనెసీసాకి ఇస్తారట. లైబ్రేరియన్ ఆ మాట చాలా మర్యాదగా అన్నాడు.

తేనెసీసా నేను పెట్టిన పేరు, నాతోపాటు రేడియోలో వార్తలు చదివింది. వరద వార్త చదివినా జోలపాట పాడినట్టుండేది. ఒక పుస్తకంలో రెండు గొంతులు! కళ్లు లేని మనిషి చెవినే నమ్ముకుని మూడు వందల పేజీలు నాతో నడిచాక, మలుపులో నేను మాయమై ఇంకొకరు చెయ్యి పట్టుకుంటే ఎలా ఉంటుంది? నా ప్రాణం ఉండగా అది జరగదు.

"మేడమ్, కాగితం చప్పుడొస్తోంది" అంది అమ్మాయి ఈ రోజు. నాలుగుసార్లు ఆపించింది. ఈ మధ్య కాగితాలు నాసిరకం.

ఫిబ్రవరి 11

మెట్ల మీద కూర్చుండిపోయాను. గుండె ఎవరో తలుపు బాదుతున్నట్టు కొట్టుకుంది. కోడలు చూసింది. చూడకుండా ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 14

డాక్టరమ్మ నా మనవరాలి కంటే నాలుగేళ్లు పెద్దదేమో. చెయ్యి చాపమంది, చాచాను. నా వేళ్ల మీద ఒక కాగితం పెట్టింది. అది గాలిలో ఆకులా ఆడింది. రికార్డింగ్ అమ్మాయి గాజు అవతల నుంచి విన్నది ఈ చప్పుడే. కాగితం నాసిరకం కాదు.

"చిరాకు ఎక్కువగా ఉంటోందా అమ్మా?"

నేను నోరు తెరిచేలోపు కోడలు పైకప్పు వైపు చూసింది.

"ఎప్పట్నుంచి?" అని డాక్టరమ్మ ఆవిణ్ణే అడిగింది.

"మా పెళ్లయినప్పట్నుంచీనండి."

రక్తపరీక్షలు, స్కానింగ్. మెడలో ఉన్న గ్రంథి అవసరానికి మించి పనిచేస్తోందట. బరువు తగ్గడం, ఆకలి, వేడి, వణుకు, దడ, కోపం, హుషారు అన్నీ దాని పనేనట. అలమరా సర్దింది కూడా నేను కాదన్నమాట.

ఇంటికొచ్చాక మనవరాలికి ఎక్కడలేని ఆనందం. "అయితే నానమ్మా, ఇన్నాళ్లూ మమ్మల్ని తిట్టింది నువ్వు కాదా, థైరాయిడా?"

"కొన్ని నావే ఉంటాయి. వేరు చేసి ఇస్తాను" అన్నాను.

ఫిబ్రవరి 17

దారులు మూడు.

ఆపరేషన్. గొంతుకి వెళ్లే నరం ఆ గ్రంథి వెనకే ఉంటుందట. "నూటికి తొంభై తొమ్మిది మందికి ఏమీ కాదమ్మా" అంది డాక్టరమ్మ. ఆ ఒక్క మనిషీ ఏం పని చేసి బతుకుతారని అడిగాను. ఆవిడ ఇంక ఆ మాట ఎత్తలేదు.

మిగిలినవి రెండు. మొదటిది మాత్రలు. రోజూ వేసుకోవాలి, ఏడాదిన్నర దాకా. గ్రంథిని బతిమాలుకోవడం లాంటిది. మాట వింటే వింటుంది, మాత్రలు ఆపాక సగం మందికి మళ్లీ మొదటికొస్తుందట. రెండోది అయొడిన్. కిరణాలు వెలువరించే అయొడిన్‌ని ఒక గొట్టం మాత్రలో పెట్టి ఇస్తారు. నీళ్లతో మింగడమే. గ్రంథికి అయొడిన్ అంటే ఆశ, దొరికిందంతా లాక్కుని దానితోనే నెమ్మదిగా ఆరిపోతుంది. ఇది బతిమాలడం కాదు, పంపించెయ్యడం. ఆ తరవాత దాని పని చెయ్యడానికి బతికినన్నాళ్లూ పొద్దున్నే ఒక మాత్ర. పైగా మింగాక కొంతకాలం మన ఒంట్లోంచి కిరణాలు వస్తుంటాయి కనక చిన్నపిల్లలకీ గర్భిణులకీ దూరంగా ఉండాలి. గర్భిణుల విషయంలో ఆవిడ నాకు మూడు వారాలు చెప్పింది.

ఏది కావాలో నన్నే చెప్పమంది. ఆవిడ మొగ్గు అయొడిన్ వైపు. "ఈ వయసులో ఇంత దడ మంచిది కాదమ్మా, ఒక్కసారితో తేలిపోతుంది" అంది.

ఫిబ్రవరి 18

బాగా ఆలోచించి మాత్రలే ఖాయం చేశాను. కారణాలు పూర్తిగా శాస్త్రీయం. గ్రంథి దేవుడిచ్చిన అవయవం, దానికొక అవకాశం ఇవ్వాలి. మాత్ర నచ్చకపోతే మానెయ్యవచ్చు, మింగిన అయొడిన్‌ని తిరిగి కక్కలేం. రికార్డింగ్ అమ్మాయి సంగతికీ దీనికీ సంబంధం లేదు.

కోడలు మాత్రం, "పుస్తకం కోసమేగా అత్తయ్యా?" అంది. అకౌంటెంటు కదా, ప్రతిదానికీ కింద ఇంకో లెక్క ఉందనుకుంటుంది.

ఫిబ్రవరి 20

మాత్రలు మొదలు. దడకి వేరే మాత్ర. డాక్టరమ్మ వేలు చూపించి మరీ చెప్పింది: "గొంతు నొప్పి గానీ జ్వరం గానీ వస్తే ఆ పూటే మాత్ర ఆపి రక్తపరీక్షకి రండి. ఎక్కడో ఒకరికి తెల్లకణాలు పడిపోతాయి. ఆదివారమైనా సరే."

గొంతు నొప్పి గురించి నాకు చెప్తోంది! ఈవిడ పుట్టకముందు నుంచీ నేను గొంతు మీద బతుకుతున్నాను.

మార్చి 12

ఇరవై ఆరు. కాగితం చప్పుడు లేదు. అమ్మాయి గాజు అవతల నుంచి బొటనవేలు ఎత్తి చూపించింది. ఆమెకి ఇప్పుడు కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకోవాల్సి వస్తోంది.

మార్చి 27

కోడలు పొద్దున చల్లారిపోయిన కాఫీ ఇచ్చింది. ఏమీ అనలేదు నేను. ఆవిడ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

ఏప్రిల్ 2

ముప్పై రెండు పూర్తి. ఇంక పది. మే నెలాఖరు ఎందుకు, పదిహేనుకే అయిపోతుంది. అయొడిన్ తీసుకుని ఉంటే ఏ గదిలోనో మూడు వారాలు గోడలు లెక్కపెడుతూ ఉండేదాన్ని. మాత్రలే మేలని మొదటినుంచీ అంటూనే ఉన్నాను.

ఏప్రిల్ 9

గొంతులో గరగర. రేపు రికార్డింగ్. మౌనం పట్టాను.

ఇది నా పాత పద్ధతి. మైకు ముందుకి వెళ్లే ముందురోజు మనిషితో మాట్లాడను. కావలసింది సైగ చేస్తాను. ఇంట్లో అందరికీ అలవాటే.

ఏప్రిల్ 10

ముప్పై మూడు. "మేడమ్, గుటక వినిపిస్తోంది" అంది అమ్మాయి. హెడ్‌ఫోన్లు మరీ మంచివి కొన్నారు.

ఏప్రిల్ 11

మౌనం. ఉప్పునీళ్లు పుక్కిలించాను. మింగితే గాజుముక్క దిగినట్టుంది. ఒళ్లు వేడిగా ఉంది గానీ ఈ జబ్బులో వేడి మామూలే, డాక్టరమ్మే చెప్పింది. పైగా ఆ ఫ్యాను లేని గది. పుక్కిలింతలూ మౌనమూ కుదర్చని గొంతు నొప్పి నేనింతవరకు చూడలేదు.

ఏప్రిల్ 12

రేపు ముప్పై నాలుగు. ఆగేది లేదు. మాత్ర వేసుకున్నాను.

ఏప్రిల్ 21

ఆసుపత్రి నుంచి ఈ రోజు పంపించారు. చెయ్యి తిన్నగా రాయడం లేదు.

పదమూడో తారీఖున గాజు గదిలో కూర్చున్నాను, కాగితాలు సర్దుకున్నాను, వేలెత్తాను. అటు నుంచి ఎర్రలైటు వెలగలేదు.

"మేడమ్, నేను బటన్ నొక్కను."

ఎందుకన్నట్టు చూశాను.

"మీరు ఊపిరి తీస్తుంటేనే నొప్పి వినిపిస్తోంది. నేను నొక్కను."

లేచి గాజు చుట్టూ తిరిగి నా దగ్గరికి వచ్చింది. ఆ పొట్టతో ఆ సందులోంచి రావడం ఆమెకి తేలిక కాదు. నా నుదురు ముట్టుకుని, అక్కడే నిలబడి మా కోడలికి ఫోను చేసింది. "మీ అత్తగారు పొద్దున్నుంచి మీతో మాట్లాడారా అండీ?" అటు నుంచి కోడలు, "రికార్డింగ్ ముందు మాట్లాడరు కదమ్మా" అంటోంది. కోడలికి డాక్టరమ్మ చూపించిన వేలు అప్పుడు గుర్తొచ్చిందట.

ఒంట్లో తెల్లకణాలు దాదాపు లేవు. ఇంకో రెండు రోజులు మౌనం పాటించి ఉంటే ఎల్లకాలం పాటించేదాన్నని పెద్ద డాక్టరు అన్నాడు. నా హాస్యం అతనికెలా అబ్బిందో.

మందులు ఎక్కించారు. విడిగదిలో ఉంచారు. నాలుగో రోజున కణాలు లేవడం మొదలైంది. ఆ రోజు కోడలు మూతికి గుడ్డ కట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది.

"నోటితో చెప్తే ఏం పోయేది అత్తయ్యా? ఒక్క మాట. గొంతు నొప్పి అని."

నేను దుప్పటి అంచు సరిచేసుకున్నాను.

"మీరు మాట్లాడట్లేదు కదా, ఇల్లు ప్రశాంతంగా ఉందని మేం హాయిగా ఉన్నాం. తెలుసా మీకు? హాయిగా ఉన్నాం!"

అని ఏడ్చింది. ఇన్నేళ్లలో నా ముందు ఆవిడ ఏడవడం చూడలేదు. కూర్చోమన్నాను. అప్పటికే కూర్చుని ఉంది.

ఏప్రిల్ 25

ఆ మాత్ర ఇక జన్మలో వద్దన్నారు. దాని తోబుట్టువు మాత్ర ఇంకొకటి ఉందట, అదీ వద్దు. రెండూ ఒకటే బుద్ధి. దడ మాత్ర ఒక్కటీ సరిపోదు, గుండె మధ్యమధ్యలో లయ తప్పుతోంది.

"మే నెల దాటాక చూద్దామా?" అని అడిగాను.

"ఈ గుండెతో నేను ఆగనమ్మా" అంది డాక్టరమ్మ. "అయొడిన్ లేదా ఆపరేషన్."

ఆపరేషన్ అయితే కోలుకుని గాజు గదికి వెళ్లవచ్చు, గొంతు ఉంటే. అయొడిన్ అయితే గొంతు ఉంటుంది, గాజు గది ఉండదు.

ఏప్రిల్ 26

అయొడిన్. మే ఆరో తారీఖు.

ఏప్రిల్ 28

రికార్డింగ్ అమ్మాయి ఇంటికొచ్చింది. కుర్చీలో నెమ్మదిగా దిగబడి, గొంతు తగ్గించి అంది: "మేడమ్, మీరు ఆ మందు తీసుకున్నాక కూడా రండి. మధ్యలో గాజు ఉంది కదా. నేను వెనక్కి కూర్చుంటాను. ఎవరికీ చెప్పను. ఇంకో తొమ్మిదే కదా."

రాయకూడదు గానీ, ఒక్క నిమిషం నేను లెక్కేశాను. వారానికి మూడు అధ్యాయాలు చదివితే సరిపోతుంది. కుర్చీ గోడ దాకా జరిపితే. తలుపు తెరిచి పెడితే. ఆ నిమిషం నా బుర్ర ఎంత చక్కగా పనిచేసిందో చెప్పలేను.

"పిచ్చిదానా" అన్నాను. "ఆ గాజు చప్పుడు ఆపడానికి పెట్టింది. మిగతావాటి సంగతి దానికేం తెలుసు?"

"కానీ మేడమ్, పుస్తకం..."

"పుస్తకానికి ఇంకో మనిషి దొరుకుతుంది. నీ లోపల ఉన్నదానికి ఇంకో తల్లి దొరకదు."

ఆమె వెళ్లాక కాసేపు ఏ పనీ చెయ్యలేదు. అలమరా సర్దాలని కూడా అనిపించలేదు.

ఏప్రిల్ 29

తేనెసీసాకి ఫోను చేశాను. పదేళ్ల తరవాత.

"ఏమే, బతికే ఉన్నావా?" అంది.

"నీకు తొమ్మిది అధ్యాయాలు అప్పగించాలని ఉన్నాను."

విషయం చెప్పాను. తరవాత, "ముసలామె గొంతు నువ్వెలా పెట్టావు?" అని అడిగింది. మొదటి పేజీలు చదివి వినిపించాను. "అలాగే పెట్టమంటావా?"

"నీకు అలా రాదు" అన్నాను.

"అదీ నిజమే" అంది. ఆవిడతో దెబ్బలాడటం ఎప్పుడూ కుదరదు. దూదిని గుద్దినట్టుంటుంది.

మే 6

మింగాను. రుచి లేదు, వాసన లేదు. ఇచ్చినవాడు పొడుగు పటకారుతో పట్టుకుని తెచ్చాడు, నేను మాత్రం చేత్తో నోట్లో వేసుకున్నాను. గది దాటగానే తలుపు వేశాడు.

మే 8

వేరే గది, వేరే పళ్లెం, వేరే తువ్వాలు. నీళ్లు తాగడమే పని. భోజనం గుమ్మంలో పెట్టి కోడలు మూడడుగులు వెనక్కి వేస్తుంది. మనవరాలు వరండాలో దూరంగా కుర్చీ వేసుకుని, "నానమ్మా, చీకటి పడితే వెలుగుతావా?" అంది.

"వెలిగితే నీ పరీక్ష పుస్తకాలు ఇక్కడ పెట్టుకుని చదువుకో. కరెంటు కలిసొస్తుంది."

మెడ కొంచెం నొప్పి. మామూలేనన్నారు. ఈసారి నేనే ముందు చెప్పాను. కోడలు డాక్టరుకి ఫోను చేసి కనుక్కుంది.

మే 11

అమ్మాయి ముప్పై నాలుగో అధ్యాయం ఫోనుకి పంపింది. విన్నాను. అదే తేనె. దీపస్తంభం మెట్లు ఎక్కుతున్నవాడు కూడా తేనెలోనే ఎక్కాడు. "కాపలా" అన్న మాట దగ్గర ఊపిరి తప్పు చోట తీసింది. రాసి పెట్టుకున్నాను.

మే 13

ముప్పై అయిదు. రెండు తప్పులు.

మే 16

ముప్పై ఆరు. ఏమీ రాసుకోలేదు. కలం దూరంగా ఉంది.

మే 20

ముప్పై ఎనిమిది విన్నాను. ఇందులో ముసలామె, తన కోడలు పడవెక్కి వెళ్లిపోతుంటే ఒడ్డున నిలబడి తిడుతుంది. రెండు పేజీలు తిట్లే. నేనైతే ఎలా చదివేదాన్నో నాకు తెలుసు, మనసులో అప్పుడే చదివేసుకున్నాను కూడా. పడవలో ఉన్నవాళ్లు సముద్రంలో దూకేలా.

తేనెసీసా మెల్లిగా చదివింది. తిట్టుకీ తిట్టుకీ మధ్య చిన్న జాగా వదిలింది. ఆ జాగాలో ముసలామెకి భయం వేస్తోందని తెలిసింది. పడవ వెళ్లిపోతుందని భయం. ముప్పై మూడు అధ్యాయాలు ఆమెని నా నోట్లో పెట్టుకుని తిరిగాను, నాకు కనిపించలేదు.

అది సరైన చదువు. రాయక తప్పదు గనక రాస్తున్నాను.

మధ్యాహ్నం కోడలు పళ్లెం పెట్టి వెనక్కి వెళ్తుంటే, "ఉప్పు సరిపోయింది" అన్నాను.

"ఇంకా తినలేదు కదా అత్తయ్యా?"

"నిన్నటి సంగతి చెప్తున్నాను."

అక్కడే ఆగింది. ఆ మూడడుగుల దూరంలోనే వరండాలో నేల మీద కూర్చుంది. నేను తిన్నంతసేపూ ఆఫీసులో ఎవరో చేసిన తెలివితక్కువ పని గురించి చెప్పింది. పక్కా తెలివితక్కువ పనే. ఇద్దరం కలిసి అతన్ని తిట్టాం.

మే 28

దూరం పాటించాల్సిన రోజులు అయిపోయాయి. డాక్టరమ్మ పరీక్షించి వెళ్లవచ్చంది, గర్భిణుల దగ్గరికి కూడా. దడ బాగా తగ్గింది. గ్రంథి ఇంకో రెండు మూడు నెలల్లో పూర్తిగా పడుకుంటుందట. ఆ తరవాత పొద్దున్నే మాత్ర. "జీవితాంతమా?" అన్నాను. "అంతేనమ్మా." "ఈ వయసులో ఆ మాట పెద్ద భయపెట్టదులే" అన్నాను. ఆవిడ మొదటిసారి నవ్వింది.

"చిరాకు ఎలా ఉంది?" అని కోడల్ని అడిగింది.

"తగ్గిందండి" అంది కోడలు. నా వైపు చూసి, "కొంచెం" అంది.

మే 30

రికార్డింగ్ అమ్మాయి ఫోను. "మేడమ్, ఆవిడ నలభై ఒకటి దాకా చదివారు. ఆఖరిది చదవనన్నారు. గొంతు బాగా లేదట."

ఆ గొంతుకి ఏ రోగమూ రాదు. నాకు తెలుసు. నా ఎదురుగా కూర్చుని నిండు జలుబుతో వార్తలు చదివి, ఎవరికీ తెలియకుండా లేచి వెళ్లిపోయిన మనిషి ఆవిడ.

"ఎల్లుండి సోమవారం నా ఆఖరి రోజు మేడమ్. వస్తారా?"

జూన్ 1

గాజు గది. అమ్మాయి కుర్చీ దాదాపు గోడ దాకా జరిగింది, మధ్యలో ఉన్నదంతా పొట్టే. ఎర్రలైటు వెలిగింది.

నలభై రెండో అధ్యాయంలో ముసలామె ఒంటరిగా దీపం వెలిగిస్తుంది. చివర్లో ఒక తిట్టు ఉంది, దీపాన్నే తిడుతుంది. నా పద్ధతిలో చదవబోయి ఆగాను. ఎనిమిది అధ్యాయాలుగా వినేవాళ్లు ఇంకో ముసలామెకి అలవాటుపడి ఉంటారు. వాళ్ల చెయ్యి నేను లాగేసుకోకూడదు. తిట్టుకి ముందు జాగా వదిలాను. తేనెసీసా వదిలినంత బాగా రాలేదు గానీ, వచ్చింది.

పుస్తకం అయిపోయాక చదివినవాళ్ల పేరు చెప్పడం గ్రంథాలయం పద్ధతి. అమ్మాయి చెయ్యి ఊపింది, చెప్పమని. ఆవిడ పేరు ముందు చెప్పాను. ఇంటిపేరుతో సహా, పూర్తి పేరు. తరవాత నాది.

అమ్మాయి హెడ్‌ఫోన్లు తీసి, "ఇంకోసారి చెప్తారా మేడమ్? ముందు మీ పేరుండాలేమో కదా, ముప్పై మూడు మీవే" అంది.

"అక్కర్లేదు" అన్నాను. అన్నేళ్లు పక్కపక్కన పనిచేశాం, ఆవిడ పేరు మైకులో నా నోట రావడం ఇదే మొదలు. ఒక్క టేకులో వచ్చింది.